మినీవ్యాన్‌తో పాప్-అప్ క్యాంపర్ లాగుతున్నాను, బయటి ట్రాన్స్‌మిషన్ కూలర్ వేయించాలా?

ఫ్రిస్కో_ఫ్యామిలీమ్యాన్
2014 మినీవ్యాన్, 3.5 లీటర్ వీ6, 6 స్పీడ్ ఆటోమేటిక్, 1,12,000 మైళ్ళు. కంపెనీ పేరు చెప్పను, పోయినసారి చెప్తే థ్రెడ్ మొత్తం ఆ కంపెనీ గొప్పదా ఈ కంపెనీ గొప్పదా అనే గొడవతోనే సరిపోయింది. 3,500 పౌండ్ల దాకా లాగొచ్చని మాన్యువల్‌లో ఉంది. పోయిన నెల ఒక పాత పాప్-అప్ క్యాంపర్ (బండి వెనక కట్టి లాగే మడత గుడారం ట్రైలర్) కొన్నాను, ఖాళీగా ఉంటే 2,380 పౌండ్లని స్టిక్కర్ మీద ఉంది. జూన్‌లో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు. అందరం డల్లాస్ నుంచి 287 హైవే పట్టుకుని అమరిల్లో, రాటన్ మీదుగా కొలరాడోలో గ్రేట్ శాండ్ డ్యూన్స్ ఇసుక కొండలకి వెళ్ళాలని ప్లాన్.

నిన్న క్యాంపర్ తగిలించి ఒక నలభై మైళ్ళు తిప్పాను. హైవే మీద 5కీ 6కీ మధ్య గేరు ఊగుతూనే ఉంది. ఇంటికొచ్చి బానెట్ తెరిస్తే ఏదో మాడిన వాసన. డీలర్‌కి ఫోన్ చేస్తే ట్రాన్స్‌మిషన్ (గేరుబాక్సు) నూనెని చల్లబరిచే బయటి కూలర్ లేకుండా లాగకూడదు, వేస్తే 1,150 డాలర్లు అన్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే కూలర్ కిట్ 85 డాలర్లు. ఈ తేడా ఏంటి, అసలు ఇది అవసరమా, నేనే వేసుకోవచ్చా?

పప్పన్నం
1,150కి ఆఫ్ సీజన్లో హైదరాబాద్ టికెట్ వస్తుంది. అమ్మానాన్నల్ని రమ్మనే బదులు నువ్వే వెళ్ళిరా.

హైదరాబాద్_ఆటో
ఇక్కడ టోయింగ్ అంటే నో పార్కింగ్‌లో పెట్టిన బండిని ట్రాఫిక్ పోలీసులు ఎత్తుకెళ్ళడం ఒక్కటే. టైటిల్ చూసి ఫైన్ గురించి అనుకుని లోపలికొచ్చా.

స్పానర్_సత్తి
తమ్ముడూ, ముందు వేడి ఎక్కడ పుడుతుందో అర్థం చేసుకుంటే మిగతాది తేలిక. గేర్లలో పుట్టేది తక్కువ, ఎక్కువ భాగం ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో. మాన్యువల్ బండిలో క్లచ్ ప్లేటు గట్టిగా పట్టుకుంటుంది కదా, ఆటోమేటిక్‌లో అలా కాదు, మధ్యలో నూనె తిరుగుతూ తోస్తుంది. ఒక ఫ్యాన్ గాలికి ఎదురుగా పెట్టిన ఇంకో ఫ్యాన్ తిరిగినట్టు. ఆ జారుడంతా వేడే. హైవే మీద ఒకే వేగంలో పోతుంటే లోపల లాకప్ క్లచ్ పట్టుకుని జారుడు ఆగిపోతుంది. చడావు వస్తే, బరువు లాగితే, లాక్ వదిలేస్తుంది, మళ్ళీ జారుడు. నీకు 5కీ 6కీ మధ్య ఊగుతోందన్నావే, ఊగిన ప్రతిసారీ లాక్ వదలడం, పట్టుకోవడం జరుగుతోంది. నీ బండి 6లో ఆ బరువు లాగలేకపోతోంది, అంతే.

అందుకని కూలర్ కన్నా ముందు రెండు పనులు చెయ్యి. 6 వాడకు, లీవర్ మీద ఓవర్‌డ్రైవ్ (పై గేరు) ఆపే బటనో తక్కువ గేరు పొజిషనో ఉంటుంది, అందులో పెట్టు. శబ్దం పెరుగుతుంది, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది, వేడి మాత్రం తగ్గుతుంది. రెండోది, ఒక ఓబీడీ బ్లూటూత్ డాంగిల్ (బండి కంప్యూటర్‌కి తగిలించి రీడింగులు చూసేది) కొని ఫోన్లో ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్ చూడు. అన్ని బండ్లకీ మామూలు యాప్‌లో రాదు, కంపెనీకి సంబంధించిన కోడ్‌లు విడిగా ఎక్కించుకోవాలి. కొలవకుండా కూలర్ వేస్తే అది పని చేసిందో లేదో నీకెలా తెలుస్తుంది?

మిర్చిబజ్జి_ఆస్టిన్
సత్తి గారితో సగం ఒప్పుకుంటా. కొలవడం మంచిదే, కానీ 85 డాలర్ల సామానుకి ఇంత పరిశోధన ఎందుకండీ? లాగుతున్నాడు, టెక్సాస్‌లో ఉన్నాడు, జూన్‌లో అమరిల్లో దగ్గర 95 ఫారెన్‌హీట్ కూడా దాటుతుంది. వేసేయడమే. నేను మూడేళ్ళ క్రితం వేశాను, నిశ్చింత.

స్పానర్_సత్తి
వేయొద్దని నేనెక్కడన్నాను? కొలిచి వేయమన్నాను.

లావణ్య_కేటీ
మాడిన వాసన ట్రాన్స్‌మిషన్‌దే అని ఎలా తెలిసింది? కొత్తగా హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) వేయించినప్పుడు వైరింగ్ పొగగొట్టానికి తగిలి కరిగినా అదే వాసన. మాకు అదే అయింది. ముందు ట్రాన్స్‌మిషన్ డిప్‌స్టిక్ (నూనె కొలిచే కడ్డీ) తీసి తెల్ల టిష్యూ మీద ఒక చుక్క వేసి చూడండి. ఎర్రగానో లేత గోధుమగానో ఉంటే సరే, నల్లగా మాడు వాసనొస్తే నూనె పని అయిపోయినట్టే.

ఫ్రిస్కో_ఫ్యామిలీమ్యాన్
లావణ్య గారూ ఇప్పుడే చూశా, టీ డికాషన్ రంగులో ఉంది. మాడు వాసన లేదు కానీ ఎరుపు కూడా లేదు. రికార్డుల్లో ఏటీఎఫ్ (ట్రాన్స్‌మిషన్ నూనె) ఎప్పుడూ మార్చినట్టు లేదు. వైరింగ్ కూడా చూస్తా.

బండి_బాబాయ్
1,12,000 మైళ్ళు ఒకే నూనెతోనా? పకోడీల బండివాడు కూడా ఇంతకన్నా త్వరగా మారుస్తాడయ్యా. కూలర్ సంగతి తర్వాత, ముందు నూనె మార్చు. ఒకసారి కింద బోల్టు తీసి వదిలితే సగం కూడా బయటికి రాదు, మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. కాబట్టి వదిలి పోయడం, కొన్ని రోజులు నడపడం, మళ్ళీ వదిలి పోయడం, అలా మూడుసార్లు. మెషిన్ పెట్టి ఫ్లష్ చేస్తామంటే వద్దను. మాన్యువల్‌లో ఏ ఏటీఎఫ్ రాసుంటే అదే, అన్ని బండ్లకీ సరిపోతుందని సీసా మీద రాసినది కాదు.

కొలరాడో_కొండయ్య
నేను ఇక్కడ కొలరాడో స్ప్రింగ్స్‌లో ఉంటాను, ఆ దారి నాకు అరచేతి గీతలా తెలుసు కాబట్టి చెప్తున్నా. అందరూ రాటన్ పాస్ (కనుమ) గురించి భయపడతారు, 7,834 అడుగులు. కానీ నువ్వు దక్షిణం నుంచి వస్తున్నావు, రాటన్ ఊరే 6,600 అడుగుల పైన ఉంది, ఎక్కేది తక్కువ, ట్రినిడాడ్ వైపు దిగేదే ఎక్కువ. తిరుగు ప్రయాణంలో ట్రినిడాడ్ నుంచి ఎక్కడం అసలు పరీక్ష. ఇంకోటి నీ లిస్టులో లేనిది, లా వేటా పాస్. శాండ్ డ్యూన్స్‌కి వాల్సెన్‌బర్గ్ దగ్గర ఐ-25 దిగి 160 హైవే మీద పడమరకి పోవాలి కదా, అక్కడ 9,413 అడుగులు. వాల్సెన్‌బర్గ్ నుంచి మూడు వేల అడుగుల పైనే ఎక్కాలి. నీ ట్రాన్స్‌మిషన్ ఏడిస్తే అక్కడ ఏడుస్తుంది.

ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచన. టర్బో లేని ఇంజిన్‌కి వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం బలం పోతుంది, అంటే లా వేటా మీద నీ వీ6లో పావు వంతు పైనే ఉండదు. ఆ పలచటి గాలి కూలర్‌ని చల్లబరిచేదీ తక్కువే.

మిర్చిబజ్జి_ఆస్టిన్
చూశారా, అందుకే వేసేయమన్నా.

గోదారి_గేర్
ఎవరూ బరువు గురించి అడగలేదేంటి? మనుషులు ఎంతమంది?

ఫ్రిస్కో_ఫ్యామిలీమ్యాన్
నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ, నాన్న. ఆరుగురం.

గోదారి_గేర్
అదీ సంగతి. ఆ 3,500 పౌండ్లు ముందు సీట్లలో ఇద్దరే ఉంటే వచ్చే లెక్క. చాలా మినీవ్యాన్ల మాన్యువల్‌లో ఎంతమంది ఎక్కితే ఎంత తగ్గించాలో పట్టిక ఉంటుంది. ఎత్తుకి కూడా, ప్రతి 1,000 అడుగులకీ మొత్తం బరువులో 2 శాతం తగ్గించమని కొన్నింట్లో రాస్తారు. ఆ పట్టిక చూసి రా, తర్వాత మాట్లాడదాం. కూలర్ వేస్తే నూనె చల్లబడుతుంది కానీ బ్రేకులు పెద్దవవ్వవు, వెనక స్ప్రింగులు గట్టిపడవు. కూలర్ వేశా కాబట్టి ఇంకో 500 పౌండ్లు ఎక్కిస్తా అనేవాళ్ళని చాలామందిని చూశాను.

ఫ్రిస్కో_ఫ్యామిలీమ్యాన్
చూశాను. ఆరుగురికి బాగానే తగ్గింది. టెన్షన్ మొదలైంది.

పప్పన్నం
అమ్మగారు తెచ్చే ఆవకాయ జాడీలు కూడా లెక్కలో వేసుకో.

బండి_బాబాయ్
నవ్వులాట కాదు. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ (బండిని తూచే కాటా) ఉంటుంది, పదిహేను డాలర్ల దాకా తీసుకుంటారు, అంతా నింపుకుని మనుషులతో సహా ఎక్కి తూయించుకో. స్టిక్కర్ మీద 2,380 అన్నది ఖాళీది. దాని మీద బ్యాటరీ, గ్యాస్ సిలిండర్, నీళ్ళ ట్యాంకు. నీళ్ళు గాలన్‌కి ఎనిమిది పౌండ్ల పైనే. ట్యాంకు ఖాళీగా తీసుకెళ్ళి అక్కడ నింపుకో. పాప్-అప్‌కి బ్రేకులున్నాయా? వెయ్యి పౌండ్లు దాటితే ట్రైలర్‌కి సొంత బ్రేకులు కావాలని చాలా మాన్యువల్స్‌లో ఉంటుంది. దిగేటప్పుడు అవే కాపాడతాయి, కూలర్ కాదు.

లావణ్య_కేటీ
బాబాయ్ చెప్పింది నిజం. మా నాన్నగారు తిరుమల ఘాట్ రోడ్డులో డ్రైవింగ్ నేర్పుతూ ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి అనేవారు. కొలరాడోలో ఆటోమేటిక్‌లో కూడా అదే పాటించాను. వెనక ట్రైలర్ తోస్తుంటే బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకూడదు.

ఫ్రిస్కో_ఫ్యామిలీమ్యాన్
ట్రైలర్‌కి బ్రేకులున్నాయి, వాటిని బండిలోంచి నడిపే కంట్రోలర్ ఒకటి పెట్టించాను. డాంగిల్ వచ్చింది. ఈరోజు 93 డిగ్రీల ఎండలో చూశాను. ట్రైలర్ లేకుండా 187 ఫారెన్‌హీట్ దగ్గర నిలబడింది. ట్రైలర్‌తో, గేరు ఊగనిచ్చి, 228 దాకా వెళ్ళింది. సత్తన్న చెప్పినట్టు తక్కువ గేరులో పెట్టి అదే దారిలో మళ్ళీ వెళ్తే 211. నేను నమ్మలేదు, రెండోసారి కూడా తిరిగి చూశాను.

స్పానర్_సత్తి
ఒక్క పైసా ఖర్చు లేకుండా 17 డిగ్రీలు. ఇప్పుడు కూలర్ కొనుక్కో.

మిర్చిబజ్జి_ఆస్టిన్
ఒప్పుకున్నా, కొలవడం పనికొచ్చింది. 228 మాత్రం ఎక్కువే. 200 తర్వాత ప్రతి 20 డిగ్రీలకీ నూనె ఆయుష్షు సగం అవుతుందని ఒక చార్టు తిరుగుతుంటుంది.

గోదారి_గేర్
ఆ చార్టు పాత నూనెల కాలం నాటి ఉజ్జాయింపు. ఇప్పటి సింథటిక్ ఏటీఎఫ్‌లు కాస్త ఎక్కువే తట్టుకుంటాయి. 215 కనపడగానే బండి ఆపి దండం పెట్టుకోనక్కరలేదు. అదేపనిగా 230, 240లో నడిపితే మాత్రం సీళ్ళు గట్టిపడి క్లచ్‌లు జారడం మొదలవుతుంది, అందులో వాదన లేదు.

చలిదేశం_మినియాపొలిస్
ఏ రకం కొంటున్నారు? ట్యూబు వంచి రెక్కలు అతికించినవి చవక, పని కూడా అంతంతే. స్టాక్డ్ ప్లేట్ (పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చిన) రకం కొనండి, అదే సైజులో ఎక్కువ వేడి తీస్తుంది, హేడెన్, డెరేల్, ట్రూ-కూల్ అందరి దగ్గరా ఉంటాయి. నాది బైపాస్ (నూనె చిక్కగా ఉంటే కూలర్‌ని తప్పించి పంపే దారి) ఉన్నది. జనవరిలో ఇక్కడ మైనస్ 20 అయితే నూనె తేనెలా ఉంటుంది, బైపాస్ లేకపోతే కూలర్‌లోంచి కదలదు. మరీ చల్లబడినా ట్రాన్స్‌మిషన్‌కి మంచిది కాదు.

ఫ్రిస్కో_ఫ్యామిలీమ్యాన్
రేడియేటర్‌లో ఆల్రెడీ ట్రాన్స్‌మిషన్ నూనెకి ఒక చిన్న కూలర్ ఉంటుంది కదా, దాన్ని తీసేసి కొత్తది పెట్టాలా, దానికి తోడుగా పెట్టాలా?

మిర్చిబజ్జి_ఆస్టిన్
తీసెయ్. నేను రేడియేటర్‌ని పూర్తిగా తప్పించి నేరుగా బయటి కూలర్‌కే ఇచ్చాను. ఎందుకంటే మా పాత ఎస్‌యూవీలో రేడియేటర్ లోపల ఉన్న ఆ చిన్న కూలర్ పగిలి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వెళ్ళి ట్రాన్స్‌మిషన్ నూనెలో కలిసింది. డిప్‌స్టిక్ తీస్తే రోజ్ మిల్క్. నిజంగా రోజ్ మిల్కే, ఆ రంగు, ఆ నురగ. ట్రాన్స్‌మిషన్ మొత్తం మార్చాల్సి వచ్చింది, నాలుగు వేల పైనే. అప్పట్నుంచి నేను రేడియేటర్‌ని నమ్మను.

పప్పన్నం
ఇక ఈ జన్మలో రోజ్ మిల్క్ తాగలేను.

చలిదేశం_మినియాపొలిస్
ఆస్టిన్‌లో సరే, మీకు చలి ఎక్కడుంది. రేడియేటర్ లోపలిది చల్లబరచడమే కాదు, చలికాలం పొద్దున్నే నూనెని త్వరగా వేడి కూడా చేస్తుంది. తప్పిస్తే ఆ లాభం పోతుంది. ఎవరికైనా సరే మామూలుగా చెప్పే పద్ధతి, ట్రాన్స్‌మిషన్ నుంచి ముందు రేడియేటర్‌కి, అక్కడి నుంచి బయటి కూలర్‌కి, తర్వాత వెనక్కి. రేడియేటర్ పాతదైతే కొత్తది వేసుకోండి, భయమూ పోతుంది.

స్పానర్_సత్తి
నేనూ ఇదే అంటాను. వరస తిప్పేస్తే, అంటే ముందు బయటి కూలర్, తర్వాత రేడియేటర్ అయితే, చల్లబడిన నూనె మళ్ళీ 190 డిగ్రీల కూలెంట్ పక్కన కూర్చుని వేడెక్కుతుంది. పెట్టిన డబ్బు కాలవలో పోసినట్టే.

ఫ్రిస్కో_ఫ్యామిలీమ్యాన్
ఇప్పుడు అసలు డౌటు. రెండు గొట్టాల్లో ఏది వెళ్ళేది, ఏది వచ్చేది?

బండి_బాబాయ్
ఇంజిన్ రాత్రంతా చల్లారాక పొద్దున్నే స్టార్ట్ చేసి రెండు గొట్టాల మీదా చెయ్యి పెట్టు, ముందు ఏది వెచ్చబడితే అది ట్రాన్స్‌మిషన్ నుంచి వచ్చేది. రేడియేటర్ నుంచి తిరిగి వెళ్ళే రెండోదాన్ని తెంపి అక్కడ కూలర్ కలుపు. ఫ్యాన్‌లో చెయ్యి పెట్టకు.

గోదారి_గేర్
గొట్టం సంగతి కూడా చెప్పాలి. కిట్‌తో వచ్చిన గొట్టం మీద ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ అని రాసి ఉందో లేదో చూడు, పెట్రోలు గొట్టం వాడకు. మా ఫ్రెండ్ ఒకడు షాపులో ఉన్నది తెచ్చి బిగించాడు. ఓక్లహోమాలో ఒక ఎండ మధ్యాహ్నం అది మెత్తబడి క్లాంప్ దగ్గర జారింది, నూనె అంతా రోడ్డు మీద. బోటు లాగడానికి తీసుకెళ్ళిన బండినీ, బోటునీ రెండింటినీ టో ట్రక్కులో తెచ్చుకున్నారు.

హైదరాబాద్_ఆటో
ఇదిగో, ఇప్పుడొచ్చింది నాకు తెలిసిన టోయింగ్.

లావణ్య_కేటీ
కిట్‌లో ప్లాస్టిక్ సూదుల్లాంటి టైలు వస్తాయి, రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్ రెక్కల్లోంచి దూర్చి బిగించేవి. అవి వాడకండి. బండి అదురుకి రెక్కల్ని కోసేసి ఏసీ గ్యాస్ పోతుంది. ఇనుప పట్టీలతో రేడియేటర్ ముందున్న ఫ్రేముకి బిగించి, కండెన్సర్‌కి ఒక అర అంగుళం గ్యాప్ ఇవ్వండి. టెక్సాస్‌లో ఏసీ లేకుండా అత్తగారితో పది గంటలు, ఊహించుకోండి.

ఫ్రిస్కో_ఫ్యామిలీమ్యాన్
మా ఆవిడ ఈ పోస్టు చదివి మీకు థాంక్స్ చెప్పమంది.

ప్లేనో_ప్లంబర్
ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే పోతుందా?

స్పానర్_సత్తి
కంపెనీ వారంటీ అయితే బయటి పార్ట్ వేసినంత మాత్రాన పోదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం ఆ పార్ట్ వల్లే పాడైందని వాళ్ళే చూపించాలి. బయట కొన్న సర్వీస్ కాంట్రాక్ట్ అయితే దాని కాగితం చదవాల్సిందే.

ఫ్రిస్కో_ఫ్యామిలీమ్యాన్
శనివారం పెట్టేశాను. డ్రైవ్‌వేలో నాలుగు గంటల పని అనుకున్నా, నాకు ఏడు పట్టింది, అందులో రెండు గంటలు ముందు బంపర్ క్లిప్పులు వెతకడానికే. స్టాక్డ్ ప్లేట్, గొట్టాలు, మంచి క్లాంపులు, పట్టీలు కలిపి 148 డాలర్లు. దానికి ముందే ఏటీఎఫ్ మూడుసార్లు మార్చాను. కూలర్ నింపడానికి ఇంకో ముప్పావు క్వార్ట్ (క్వార్ట్ అంటే దాదాపు లీటరు) నూనె పట్టింది. అదే దారి, అదే ట్రైలర్, 95 డిగ్రీల ఎండ, తక్కువ గేరు. 194.

మిర్చిబజ్జి_ఆస్టిన్
సూపర్. కింద కార్డ్‌బోర్డ్ పరిచి రాత్రంతా ఉంచు, చుక్క పడిందేమో పొద్దున్నే చూడు.

బండి_బాబాయ్
వంద మైళ్ళ తర్వాత క్లాంపులు మళ్ళీ బిగించు, లెవెల్ మళ్ళీ చూడు. నీ బండికి లెవెల్ ఇంజిన్ ఆపి చూడాలా, ఆన్‌లో చూడాలా అన్నది మాన్యువల్‌లో ఉంటుంది, ఒక్కో బండికి ఒక్కో రకం. కొత్తవాటికైతే డిప్‌స్టిక్కే పీకేశారు మహానుభావులు.

ఫ్రిస్కో_ఫ్యామిలీమ్యాన్
వెళ్ళొచ్చాం! లేటుగా రాస్తున్నందుకు తిట్టుకోకండి. బయల్దేరే రోజు క్యాట్ స్కేల్ ఎక్కితే మా పట్టిక కన్నా 260 పౌండ్లు ఎక్కువ తేలింది. ట్రక్ స్టాప్ పార్కింగ్‌లోనే సామాను దింపి పంచాయితీ. ఇరవై పౌండ్ల బియ్యం మూట, పెద్ద కుక్కరు, రెండో స్టవ్, మడత కుర్చీలు నాలుగు, పిల్లల సైకిళ్ళు, అన్నీ వెనక్కి. అప్పటికీ తగ్గలేదు. చివరికి మా తోడల్లుడు తన కారులో వస్తానని అమ్మానాన్నల్ని ఎక్కించుకున్నాడు. ముందే ఆ పని చేసుంటే అయిపోయేది. నాన్న మాత్రం ఆ క్యాంపర్‌ని చూసి, ట్రాక్టర్‌కి తొట్టి కట్టినట్టు ఇదేం తిప్పలురా అన్నాడు.

60 దాటించలేదు. చదును మీద 190, 195. రాటన్ ఎక్కేటప్పుడు 203. లా వేటా మీద మూడో గేరు, 40 మైళ్ళ వేగం, వెనక లైను కట్టిన బండ్లన్నిటికీ దారి ఇస్తూ, 216. కొండయ్య గారు చెప్పినట్టే అదే అన్నిటికన్నా ఎక్కువ. పైన ఆపి పదినిమిషాలు టీ తాగాం, 198కి దిగింది. వచ్చేటప్పుడు ట్రినిడాడ్ నుంచి ఎక్కుడులో 209.

శాండ్ డ్యూన్స్ దగ్గర మెడానో క్రీక్‌లో నీళ్ళున్నాయి, పిల్లలు బయటికి రాలేదు. అమ్మ ఆ ఇసుక కొండల్ని చూసి, ఎదురుగా మంచు కొండల్ని చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మాడిన వాసన? లావణ్య గారు చెప్పిందే. హిచ్ వైరు పొగగొట్టానికి తగిలి కాస్త కరిగింది, టేపు చుట్టి పైకి కట్టాను.

లావణ్య_కేటీ
చెప్పానా!

పప్పన్నం
అంటే ఈ థ్రెడ్ మొత్తం ఒక కరిగిన వైరు మీద నడిచిందా?

స్పానర్_సత్తి
228 కూడా నిజమే కదయ్యా. వాసన ఒకటి, వేడి ఇంకొకటి.

ప్లేనో_ప్లంబర్
క్యాంపర్ ఏడాదిలో ఎన్ని వీకెండ్లు ఖాళీగా ఉంటుంది? అక్టోబర్‌లో అద్దెకిస్తావా?

ఫ్రిస్కో_ఫ్యామిలీమ్యాన్
ఇస్తా. నీ బండికి ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్ ఎంతో ముందు చెప్పు.